మామయ్య జేబు మీది బిట్లు

మా మామయ్య వడ్రంగి. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, వస్తువు ఎక్కడ పెట్టాడో గుర్తుంచుకోవడంలో శుద్ధ సున్నా. మేనకోడల్ని కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. చిల్లులు పొడిచే డ్రిల్లు బిట్టు చెవి వెనక పెట్టుకుని షెడ్డంతా వెతికేవాడు. స్క్రూలు బిగించే బిట్లు నోట్లో పెట్టుకుని, అత్తయ్య ఏమడిగినా "ఊ" అనేవాడు. ఆ "ఊ"కి అర్థం అవునో కాదో తేలక ఆవిడ సగం కాపురం ఊహించుకునే నెట్టుకొచ్చింది.

చివరికి ఓ పాత స్పీకరు పగలగొట్టి, అందులోని అయస్కాంతాన్ని చొక్కా ఎడమ జేబులో వేసుకున్నాడు. ఇక బిట్లన్నీ జేబు గుడ్డకు బయటనుంచి అతుక్కునే ఉండేవి. చూడకుండానే చెయ్యి గుండె మీదికి వెళ్ళేది, కావలసింది దొరికేది. పెళ్ళిళ్ళకూ అలాగే వచ్చేవాడు. ఫొటోల్లో పతకాలు తగిలించుకున్న సైనికాధికారిలా ఉంటాడు. ఎవరైనా నవ్వితే, "నవ్వండి, నవ్వండి. మీ ఇంటి తలుపు ఊడినప్పుడు రండి, చెప్తా" అనేవాడు.

పోయినేడు పని చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి రంపపుపొట్టులో పడ్డాడు. ఆసుపత్రిలో గుండె దగ్గర, చర్మం కింద పేస్‌మేకరు అమర్చారు. "డ్రిల్లు వాడుకోండి, ఛాతీకి మాత్రం ఆనించకండి. అయస్కాంతాన్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు, లోపలి మిషను గాడి తప్పుతుంది" అన్నాడు డాక్టరు.

ప్రాణం దక్కిందన్న సంతోషం మామయ్య ముఖంలో పిసరంత కూడా లేదు. "మరి బిట్లెక్కడ పెట్టుకోను?" అని డాక్టరునే నిలదీశాడు. పాపం, అది ఆయన చదువులో లేని ప్రశ్న.

ఇంటికొచ్చాక బిట్లన్నీ ఓ డబ్బాలో వేశాడు. డబ్బాయే పోయింది. గోడకు చెక్క కొట్టి, చిల్లుల్లో గుచ్చిపెట్టాడు. అయినా చెయ్యి గుండెనే తడుముకునేది. ఓ రోజు అత్తయ్య షెడ్డులోకి తొంగిచూసేసరికి, మహానుభావుడు అయస్కాంతాన్ని మళ్ళీ జేబులో జారవేస్తున్నాడు.

"కాసేపేనే" అని నసిగాడు.

"ఆ కాసేపట్లోనే పోతే? రేపట్నించి నీ బిట్లతో కాపురం చెయ్యనా నేను?" వీధంతా వినపడేలా అరిచింది అత్తయ్య. అరిచి అరిచి ఏడ్చేసింది. అంతవరకు ఆ షెడ్డు గుమ్మం తొక్కని మనిషి, అయస్కాంతం లాక్కుని, తను కట్టుకున్న వంట ఏప్రన్ జేబులో వేసుకుంది. "ఏ బిట్టు కావాలో చెప్పి చావు. నోరు ఇప్పుడు ఖాళీయేగా!"

అప్పటినుంచి పనిబల్లకు ఇవతల ఆయన, అవతల ఆవిడ. అడిగిన బిట్టు తన ఏప్రన్ మీంచి తీసి బల్ల మీదుగా జరుపుతుంది. జానెడు దూరం చాలని డాక్టరు చెప్పినా, ఆవిడ బారెడు పెట్టింది. ఆయన ఓ అడుగు ముందుకేస్తే, "ఆగక్కడే!" అంటుంది.

"కట్టుకున్నవాణ్ణే దగ్గరికి రానివ్వకపోతే ఎలాగే?" అని ఈయన గొణుగుడు.

పని ముగిశాక అత్తయ్య ఏప్రన్ విప్పి ఎదురుగోడ మేకుకు తగిలిస్తుంది. అప్పుడు దగ్గరికొచ్చి ఆయన చొక్కా మీది పొట్టు దులుపుతుంది. పొట్టేమీ లేని రోజున కూడా ఎడమ జేబు మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచుతుంది.

"ఏంటే వెతుకుతున్నావ్?" అంటాడు మామయ్య.

"దొరికిందిలే" అంటుంది.