ఈ సంచి ఎవలదని అడిగిన మనిషి

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి మా బస్టాండు హెడ్ సాబ్ గుండెపోటుతో చనిపోయారు. మనిషి తోడు లేని సంచి కనిపిస్తే ఎవరిదని అడగడం తన పని అనుకునే మనిషి ఆ తర్వాత మా బస్టాండులో ఒక్కరే మిగిలారు.

ఆయన పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. జనగామలో, మహబూబాబాద్‌లో పనిచేసి, భూపాలపల్లి రోడ్డు మీదున్న మా బస్టాండు ఔట్‌పోస్టుకు వచ్చారు. అప్పుడు అక్కడ నలుగురు ఉండేవారు. ఖర్చు తగ్గించాలన్నారు, ఇద్దరయ్యారు. తర్వాత ఆయన ఒక్కరే. వారానికోసారి వచ్చి వాసన పట్టే పోలీసు కుక్క, పిలిస్తేనే వస్తుందన్నారు. పిలిస్తే బండికి డీజిల్ మంజూరు కాలేదన్నారు. మూడేళ్ల కిందట ఆయన రిటైరయ్యారు. ఔట్‌పోస్టుకు తాళం పడింది. మర్నాడు ఉదయం మామూలు చొక్కాతో వచ్చి అదే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు.

మన దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి సంచి లోపలికి వేసి సీటు ఆపుకుంటాం. సంచి బస్సులో ఉంటుంది, మనిషి టీకొట్టు దగ్గర ఉంటాడు. ఆయన పోరు ఈ అలవాటుతోనే. ఒకసారి ఒక ముసలామెతో, సంచికి బదులు చేతిరుమాలు వేసుకోమని అంటుండగా విన్నాను.

"దస్తీ ఏసుకో అవ్వా. సంచెందుకు?"

"దస్తీ ఏస్తె తీసి అవతల పారేస్తరు బిడ్డా. సంచైతే బరువుంటది, ఎవలు ముట్టరు."

"గందుకే నాకు భయం. బరువుంటది, ఎవలు ముట్టరు."

ఆ భయం ఎక్కడిదో నాకు ఒక్కసారే చెప్పారు. చిన్న వయసులో, నగరంలో పేలుడు జరిగిన చోట ఆయనకు బందోబస్తు పడింది. బతికినవాళ్లను కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాసుకున్నారు. "సంచిని అందరు చూసిన్రు తమ్మీ. రంగు గూడ చెప్పిన్రు. ఎవలదని ఒక్కలు అడగలే."

రెండేళ్ల కిందట మహదేవపూర్ బస్సులో సీటు కింద గోనె సంచి దొరికింది. లోపలినుంచి వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఆయన అందరినీ దింపి, దూరంగా ఎండలో నిలబెట్టారు. కాసేపటికి బీడీ కాల్చుకుంటూ సంచి యజమాని వచ్చాడు. రైతు. లోపల ఉన్నది బోరు మోటారు స్టార్టరు, రిపేరు చేయించుకుని ఊరికి తీసుకుపోతున్నాడు.

"ఓ సాబ్, నా టిఫిన్ గిన్నె గూడ చూస్తవా? పప్పు పేలుతదేమో" అని ఒకడన్నాడు. దిగినవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. 'మోటారు స్టార్టరుకు వణికిన బస్టాండు' అని మా పేపరులో వార్త రాశాను. అందులో ఒక్క తప్పు లేదు. శీర్షిక మాత్రం నాదే. అప్పటినుంచి జనం ఆయనను స్టార్టర్ సాబ్ అన్నారు.

మర్నాడు ఆయన పేపరు మడిచి నా చేతికిచ్చారు. "అంత నిజమే రాసినవ్. గని మల్లొకసారి నేను దిగుమంటె దిగుతరా? నవ్వుకోనియ్ తమ్మీ. నవ్వుకుంటనన్న దిగాలె గద."

దిగలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఆయన దిగమన్నారు. ప్రయాణికులు కదలలేదు, డ్రైవరు బస్సు తీశాడు. ఆ రెండు సంచుల్లో పేలేదేమీ లేదు. ఆ సంగతి బస్సు వెళ్లిపోయాక గాని తెలియలేదు.

పోయిన నెలలో ఒక రోజు ఉదయం పదింటికి ఆయన ఒక సంచిలో రెండు ఇటుకలు పెట్టి, మూడో ప్లాట్‌ఫారం స్తంభం పక్కన ఉంచి వచ్చారు. టీకొట్టు బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. ఎవరు అడుగుతారో చూద్దామన్నారు. ఒకామె సంచిని కాలితో జరిపి కూర్చుంది. ఒకాయన దాని మీద పాదం ఆనించి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. పదకొండు కావస్తుండగా ఒక తల్లి తన పసిపిల్లను దాని మీద కూర్చోబెట్టి పాలసీసా మూత తీసింది.

హెడ్ సాబ్ లేచి వెళ్లి సంచి తీసుకొచ్చారు. ఇటుకలు తీసి బల్ల మీద పెట్టారు.

టీకొట్టు అక్క అంది: "నేను మొదట్నుంచి సూస్తనే ఉన్న సాబ్. అడిగితె నీకెందుకని లొల్లికొస్తరని ఊకున్న."

"లొల్లికి వస్తె మంచిదే అక్కా. ఆ సంచికి మనిషున్నట్టు."

ఆ రోజునుంచి ఆమె అడగడం మొదలుపెట్టింది. పాలు పొంగుతున్నా స్టవ్ తగ్గించి, "గీ సంచి ఎవలది?" అని ప్లాట్‌ఫారం చివరిదాకా వినపడేలా అడుగుతుంది. మంగళవారంనుంచి ఆ గొంతు ఒక్కటే ఉంది. ఆమెకది ఎవరూ అప్పజెప్పిన పని కాదు.

నాకు రాయడం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. రాసింది నిజమైతే చాలదని చెప్పింది ఆయనే, అదీ కోపం లేకుండా. ఆయనకు నేను క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

శివరాత్రికి కాళేశ్వరం వెళ్లే ప్రత్యేక బస్సుల పట్టిక వచ్చింది. మొదటి బస్సు వచ్చే గురువారం ఉదయం ఐదు గంటలకు మూడో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది. ఆ తర్వాత అరగంటకొకటి. బందోబస్తు జాబితాలో మా బస్టాండు పేరు ఎదుట చిన్న గీత ఉంది. సిబ్బంది లేరని దాని అర్థం.

అదే గురువారం బచ్చన్నపేట దగ్గరి సొంతూళ్లో ఆయన పదో దినం. టీకొట్టు అక్క ఆ రోజు దుకాణం మూసి అక్కడికి వెళ్తోంది. నేనూ వెళ్తున్నాను.