పందొమ్మిదో పీపా

నాలుగింటికి లారీ వస్తుంది. ఆలోపు లోర్నా థీబో తమ్ముడికి ఒక మాట చెప్పాలి. చెబితే పొయ్యి దగ్గర తన చోటు పోతుంది. చెప్పకపోతే ఏడు కుటుంబాల పాకం పాడవుతుంది.

ఇప్పుడు రెండున్నర. పాకం కాచే కొట్టంలో ఆవిరి దూలాలను కప్పేసింది. పొడవాటి రేకు తొట్టిలో మేపుల్ చెట్ల నుంచి కారిన తీపి నీళ్లు పాకమయ్యేదాకా మరుగుతున్నాయి. లోర్నా పొయ్యిలోకి రెండు కట్టెలు తోసి, ఇనప తలుపు మూసి, తొట్టి పక్కన నిలబడింది.

ఆమెకు యాభైతొమ్మిదేళ్లు. ఇరవైరెండేళ్లుగా ఆ కొండదారుల్లో బడి బస్సు నడుపుతోంది. పెళ్లి ఒకటి జరిగింది, నిలవలేదు. దాని గురించి ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. మార్చిలో చెట్ల నీళ్లు కారే కాలం వచ్చిందంటే మాత్రం ఊరు ఊరంతా ఆమె మాట కోసం చూస్తుంది. పదకొండేళ్ల వయసులో తండ్రి ఒవీలా ఆమెను బోర్లించిన బకెట్టు మీద నిలబెట్టి, తొట్టి మీదికి వంచాడు. "కళ్లు మోసం చేస్తాయి, నాలుక తొందరపడుతుంది. ముక్కునడుగు," అన్నాడు. ఆ రోజు నుంచి పీపా నిండే ముందు ఆమె వంగుతుంది, మూడుసార్లు ఊపిరి పీలుస్తుంది, తల ఊపుతుంది. ఆ తల ఊపు పడితేనే మూత పడుతుంది. కింద పట్నంలో పాకం కొనేవాళ్లు చుట్టుపక్కల ఏడు కొట్టాల సరుకునూ ఒకే పెద్ద తొట్టిలో పోస్తారు. మిగతా వాళ్ల పీపాలు తెరిచి చూస్తారు. థీబోల పీపాలు తెరవరు. ముప్పై ఏళ్లుగా తెరవలేదు.

నవంబరులో ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, వెళ్తూ వెళ్తూ వాసన తీసుకుపోయింది. కాఫీ వేడినీళ్లయింది. ఉల్లిపాయ తరిగితే కళ్లు మండేవి, అంతే. డాక్టరు రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మార్చిలోగా వస్తుందిలే అనుకుంది.

మార్చి వచ్చింది. అది రాలేదు.

మొదటి రోజు ఆమె తొట్టి మీదికి వంగింది. మూడుసార్లు పీల్చింది. తల ఊపింది. తమ్ముడు క్లేటన్ మూత బిగించాడు. అంత సులువుగా జరిగిపోయింది.

చలి ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. చలిలో చెట్టు నీళ్లు చెడవు. నెల మధ్యలో మూడు రోజులు ఎండ కాసింది. నిలవ తొట్టిలో నీళ్లు కొద్దిగా తెల్లబారాయి. ఆ రోజు నురగ అదుపు తప్పింది. వెన్న ముక్క వేస్తే ఎప్పుడూ అణిగే నురగ రెండోసారి వేసినా అణగలేదు. గరిటె ఎత్తితే పాకం పరదాలా జారకుండా బంకలా సాగింది. ఇవన్నీ ఆమె కళ్లారా చూసింది. చూసీ వంగింది, పీల్చింది, తల ఊపింది. మెడకు అలవాటైన పని, మెడ చేసేసింది. క్లేటన్ సుద్దముక్కతో పీపా మీద పందొమ్మిది అని రాసి గోడవారకు దొర్లించాడు.

మర్నాడు మళ్లీ చలి పట్టింది, నిలవ తొట్టిలోకి తాజా నీళ్లు వచ్చాయి, అయినా ఆమెకు తొట్టి ముందు నిలబడాలంటే సిగ్గేసింది. ముక్కు చాచి నటించడానికి మనసొప్పక కళ్లు మూసుకుంది. అప్పుడు వినపడింది.

తొట్టిలోకి నీళ్లు వచ్చే చివర రేకు మీద వాన పడుతున్నట్టు చప్పుడు. తొట్టి మధ్య అరలో ఆ వాన దూరమైంది. తయారైన పాకం బయటికి తీసే కుళాయి ఉన్న చివర బుడగలు ఆగి ఆగి, బరువుగా, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు పగులుతున్నాయి. ఆమె చాలాసేపు విన్నది. పాకం ముదిరే ముందు ఆ గొంతు ఒక్కసారి తగ్గుతుందని పట్టుకుంది. అదే క్షణాన మణికట్టుకు తగిలే ఆవిరిలో తడి తగ్గి జిగురు తేలుతుంది. ఆమె కుళాయి తిప్పింది. గరిటె అంచున పాకం పరదాలా జారింది.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడే ఊరబెట్టిన దోసకాయ కొరికింది. వాసన లేదు. కానీ పళ్ల కింద చల్లటి ముక్క పటుక్కున విరిగింది, పులుపు దవడల వెనక పొడిచింది, ఉప్పునీరు గడ్డం మీదికి కారింది. ఆమెకు నవ్వొచ్చింది. ఒక్కత్తే నవ్వింది. తర్వాత రోజుల్లో బస్సు మెట్టు మీద పడే అడుగును బట్టి ఎక్కింది ఎవరో వెనక్కి చూడకుండా చెప్పగలిగింది. కొత్త దుప్పటి అంచు, రొట్టె మీద కరగడానికి మొరాయించే వెన్న, స్టీరింగుకున్న చిన్న గీత. ఏదీ కొత్తది కాదు. ఇన్నేళ్లూ ముక్కు ముందు నడుస్తుంటే ఇవన్నీ దాని వెనక నిలబడి ఉన్నాయి. నవంబరు తర్వాత ఆమె రేపటి కోసం ఎదురుచూడటం అప్పుడే మొదలైంది. అదంతా ఈ తొట్టి దగ్గర దొరికింది. ఇప్పుడు దీన్నే వదులుకోవాలి.

క్లేటన్ బూట్లకు బురదతో లోపలికి వచ్చాడు.

"ఏమంటోంది మహారాణి గారి ముక్కు?"

"నీ బూట్లు బయట దులుపుకొని రమ్మంటోంది."

"ఇవాళ్టితో ఆఖరా, ఇంకో రోజు నడుస్తుందా?"

"క్లేటన్, ఒక మాట..."

"తర్వాత చెప్దువుగాని అక్కా, పీపాలు బయటికి దొర్లించాలి. ఆ డ్వేన్ గాడు ఎప్పుడూ చెప్పినదానికి అరగంట ముందే దిగబడతాడు."

అన్నట్టే మూడున్నరకు లారీ వచ్చింది. డ్వేన్ చిన్నప్పుడు ఆమె బస్సులో వెనకసీటు పిల్లాడు. ఇప్పుడు అతనికే బట్టతల.

"లోర్నా గారూ, ఈసారి కూడా తెరవక్కర్లేదు కదా? మా వాళ్లు మీ పీపాలంటే దండం పెట్టి పోసేస్తారు."

"వెనక సీట్లో కూర్చోమంటే ఇప్పటికీ కూర్చునేలా ఉన్నాడు చూడు," అన్నాడు క్లేటన్. ఇద్దరూ నవ్వుకుంటూ పీపాలు ఎక్కించడం మొదలుపెట్టారు.

ఆమె కొట్టం గుమ్మంలో నిలబడింది. వెనక తొట్టిలో వాన చప్పుడు సాగుతోంది. పదమూడు ఎక్కింది. పద్నాలుగు. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఏడు కొట్టాల సరుకు కలిశాక పులుపు ఎవరిదో ఎవరు తేల్చగలరు? పదహారు. అనుమానం ముందు మిగతా ఆరుగురి మీదికే పోతుంది. నమ్మకం లేకే కదా వాళ్లవి తెరిచి చూసేది. పదిహేడు. పద్దెనిమిది.

ఆమె నడిచి వెళ్లి పందొమ్మిది మీద చెయ్యి వేసింది. ఇనుము చల్లగా ఉంది.

"ఇది వద్దు."

"ఏం?" అన్నాడు క్లేటన్.

"పులిసిపోయింది."

"నువ్వే కదా చూశావు?"

"చూడలేదు. నాకు వాసన రావట్లేదు. నవంబరు నుంచి."

డ్వేన్ తల దించుకుని చేతి తొడుగులు సర్దుకున్నాడు. క్లేటన్ మూత ఊడదీసి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని మంచులోకి ఉమ్మేశాడు.

"రోజూ నా ముందు వంగి నాటకమాడావా?"

"ఆడాను."

"మిగతావి?"

"మొదటి పద్దెనిమిదీ చలి కాపాడింది. ఇరవై నుంచి చెవితో చేశాను."

"దేంతో?"

"చెవితో."

"పాకం పాడుతుందా నీకు?" ఆ మాటలో ఎగతాళి ఉంది, నవ్వు లేదు. "డ్వేన్, ఎక్కించినవి దింపు. అన్నీ తెరవాలి."

"అన్నీనా?"

"అన్నీ. ముప్పై ఎనిమిదీ."

ఆమె అక్కడే నిలబడింది. తర్వాత ఉండలేక అంది, "లోపల తొట్టి దగ్గర ఎవరూ లేరు."

క్లేటన్ ఆమె వంక చూడలేదు. "అడుగంటుతుంది కదా. వెళ్లు."

వెళ్లింది. పలకల గోడకు అవతల ఏం జరుగుతోందో కనపడదు. వినపడుతుంది. మూత తిరిగే కీచు. నిశ్శబ్దం. ఆ తర్వాత చెక్కసుత్తితో మూత బిగించిన రెండు దెబ్బలు. అంటే ఆ పీపా బాగుంది. మళ్లీ కీచు. నిశ్శబ్దం. రెండు దెబ్బలు. ఆమె కట్టెలు తోసింది, నురగ తీసింది, చెయ్యి దానంతట అది పని చేస్తోంది. చెవి ఒకటి తొట్టి మీద, ఒకటి గోడ మీద. ఎక్కడో ఒకచోట కీచు తర్వాత దెబ్బలు పడలేదు. డ్వేన్ ఏదో గొణిగాడు. "నువ్వూ చూడు," అన్నాడు క్లేటన్. ఆమె గరిటె పట్టుకున్న చోటే ఆగిపోయింది. ఏ పీపానో తెలియదు. ఇరవై తర్వాతదైతే చెవి కూడా అబద్ధమే.

రెండు దెబ్బలు పడ్డాయి.

లారీ వెళ్లేసరికి పొద్దు వాలింది. క్లేటన్ లోపలికి వచ్చి కోటు విప్పకుండా బల్ల మీద కూర్చున్నాడు.

"పందొమ్మిది ఒక్కటే."

ఆమె నురగ తీసి పక్కన వేసింది.

"డ్వేన్ పట్నంలో చెప్పకుండా ఉండడు. వచ్చే ఏడు నుంచి మనవీ తెరుస్తారు."

"తెరవనీ."

"ఇకనుంచి నేను వాసన చూశాకే మూత పడుతుంది."

"సరే."

"నువ్వు వంగడాలూ ఊపడాలూ ఇక చెయ్యకు. నాకు అసహ్యం."

"సరే."

కట్టె ఒకటి పొయ్యిలో విరిగింది. అతను లేచి తొట్టి దగ్గరికి వచ్చాడు. ఆమె పక్కకు జరిగింది. అతను వేడి కొలిచే గడియారం కేసి చూశాడు, పాకం కేసి చూశాడు.

"ఏముంది ఇందులో వినడానికి?"

"నోరు మూసుకుంటే చెప్తాను."

అతను మూసుకున్నాడు. చాలాసేపు.

"నాకేం తెలియట్లేదు."

"బూటుతో నేల తన్నుతున్నావు. ఆపు."

అతను ఆపాడు. గడియారం ముల్లు ఇంకా పాకం అయిందని చెప్పే గీత చేరలేదు. కుళాయి చివర బుడగల గొంతు తగ్గింది. ఆమె కుళాయి మీద చెయ్యి వేసి అతని వైపు చూసింది. అతను ముల్లు చూశాడు, ఆమెను చూశాడు. అడ్డం చెప్పలేదు.

ఆమె కుళాయి తిప్పింది.