ఊ కొట్టే చోటు

మా కల్లుపాకలో మనిషి పాడకూడదని ఆపేశారు. అదే పాకలో ఇప్పుడు పాటల పెట్టె మోగుతోంది, దాన్ని ఎవరూ ఏమీ అనరు. ఇది అన్యాయం. ఎవరు చేశారయ్యా అంటే ఒక్కరి పేరూ చెప్పలేను. నా మంటంతా అదే.

పాక జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. తాటి మొద్దులు, పైన తాటాకు, కింద బల్లలు. గోడల్లేవు. మిరపకోతకు పోయి వచ్చేవాళ్లు, ముక్త్యాల సిమెంటు లారీలు దిగేవాళ్లు సాయంత్రం అక్కడ చేరతారు. వాళ్లకు మా బావ డక్కీ కొడుతూ కథ పాడేవాడు. బావంటే చుట్టరికం కాదు. వాళ్లు చర్చికి పోతారు, మేం గుడికి పోతాం. కుర్రతనంలో ఒకే చేలో కూలికి పోయి బావలమయ్యాం.

వాడు పాడేది ఒకటే కథ. మున్నేరు పొంగి గొర్రెల మందతో పాటు కాపరిని కూడా తీసుకుపోతే, ఆ కాపరి పెళ్లాం గట్టు మీద నిలబడి ఏటితో తగువు పెట్టుకున్న కథ. వాళ్ల నాన్న కట్టాడు. ఎక్కడా రాసి లేదు.

నేను రాసుకుందామని చూశాను. బడి మొహం చూసినవాణ్ని కాదు. సిమెంటు బస్తాలు మోస్తూ వాటి మీది అక్షరాలు కూడబలుక్కుని తెలుగూ ఇంగ్లీషూ నేర్చుకున్నాను. రాయడం నాకు వచ్చు, కానీ ఊరికే చెప్పడం వాడికి రాదు. ఎదురుగా నలుగురూ ఊ కొడితేనే తర్వాతి మాట వాడి నాలిక మీదికి వస్తుంది. ఒకరోజు మా ఇంట్లో కూర్చోబెట్టి నేనే ఊ కొట్టాను. కాసేపటికే డక్కీ కింద పెట్టేశాడు.

"నువ్వొక్కడివే ఊ అంటుంటే పిల్లోడికి జోల పాడుతున్నట్టుంది బావా," అన్నాడు. ఫోను ముందు పెడితే అదీ లేదు. దాని వంక చూస్తూ కూర్చున్నాడు.

కాబట్టి ఆ కథ బతకాలంటే పాకలోనే బతకాలి.

పోయిన కల్లు సీజనులో ఒక కానిస్టేబులు వచ్చి, లైవ్ ప్రోగ్రాంకి పర్మిషన్ ఉందా అని అడిగాడు. పట్నాల్లో బార్లలో పాటకచేరీలు పెడుతున్నారనీ, వాటికి లైసెన్సు ఉండాలనీ, తాగే చోట ఎక్కడ పాడినా అదే రూలనీ చెప్పాడు. మనిషి మర్యాదస్తుడే. పాక నడిపే ఆయన తన కల్లు లైసెన్సుకే ఎసరొస్తుందని హడలిపోయి, మర్నాడే పాటల పెట్టె కొనుక్కొచ్చాడు. పెట్టె లైవ్ కాదు కాబట్టి దానికి పర్మిషన్ అక్కర్లేదట. లైవ్ అంటే బతికున్నదని నాకు తెలుసు.

ఆ పర్మిషనేదో నేను తెస్తానని నందిగామ బస్సెక్కాను. అక్కడొక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నా అర్జీ ఓపిగ్గానే చదివింది.

"ఎన్ని వాట్లండి?" అంది.

"ఏంటమ్మా?"

"సౌండండీ. బాక్సులు ఎన్ని వాట్లు?"

"బాక్సుల్లేవమ్మా. మనిషి గొంతు."

"ఏదో ఒకటి వెయ్యాలండి. ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ తీసుకోదు."

ఈ సంగతి పాకలో చెప్తే ఒక లారీ డ్రైవరు, మా బావ గొంతు అర హార్స్‌పవర్ మోటారని రాయించమన్నాడు. అందరూ నవ్వారు, బావ కూడా. మళ్లీ నందిగామ పోతే ఆ అమ్మాయే సున్నా వేసింది. సున్నాను సిస్టమ్ తీసుకుంది. ఆ కింద డోర్ నంబరు అడిగింది. గోడల్లేని పాకకు తలుపెక్కడిది, తలుపు లేనిదానికి నంబరెక్కడిది? పై ఆఫీసరును కలిశాను. పంచాయతీకి పొమ్మన్నాడు. పంచాయతీలో, పాకలకు నంబర్లివ్వం, ఇల్లు కట్టుకోండి అన్నారు. మళ్లీ నందిగామ. ఎవరూ కసరలేదు. ఒకాయన టీ కూడా తెప్పించాడు. కసిరి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి ఇంటికొచ్చేవాణ్ని.

ఈలోగా బావ పాకకు రావడం తగ్గించాడు. వచ్చినా ఆ పెట్టె హోరులో మాట వినపడదు. మొన్న జగ్గయ్యపేట బస్టాండులో కనిపిస్తే కథ గుర్తుందా అని అడిగాను. చాలాసేపు పెదాలు కదిపాడు.

"ఏరు ఆ కాపరి పెళ్లాన్ని ఒక మాట అంటది బావా. దానికి ఆ మనిషి ఏమన్నదో రావట్లేదు."

నేను ఊ అన్నాను. ఇంకోసారి గట్టిగా ఊ అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు మా వంక చూశారు. వాడు తల అడ్డంగా ఊపి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి వాట్లూ నంబర్లూ ఏమీ రాయలేదు. ఒక ముసలివాడికి ఒక కథ వచ్చు, అది పదిమందిలో తప్ప బయటికి రాదు, రోజురోజుకూ పోతోంది, పాడుకోనివ్వండి అని రాశాను. నిన్న పోస్టులో జవాబు వచ్చింది.

"తమరి అర్జీ పరిశీలించడమైనది. తమరు తెలిపిన పాకకు డోర్ నంబరు లేనందున, సదరు స్థలంలో పాడుటకు అనుమతి ఇచ్చుటకు గానీ, నిరాకరించుటకు గానీ ఈ కార్యాలయమునకు వీలు లేదు. అయితే అనుమతి లేకుండా పాడినచో చర్య తీసుకొనబడును."