కుల్లూ శాలువా అంచు విప్పేసిన చంపా గారు

కరోనా గొడవ సద్దుమణిగి, దుకాణాలు మళ్ళీ మామూలుగా తెరుచుకున్న తర్వాతి చలికాలం అది. భిలాయి ఖుర్సీపార్‌లో మాది చిన్న డ్రైక్లీనింగ్ దుకాణం. ఉతుకు, ఇస్త్రీ మా ఆయన చూసుకుంటారు. రఫూ పని నాది. రఫూ అంటే చిరిగినచోట అతుకు వెయ్యకుండా, అదే రంగు దారంతో నేతలో నేత కలిపేసి చిరుగు కనపడకుండా చెయ్యడం. భిలాయిలో అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉంటారు కాబట్టి అన్ని రకాల శాలువాలూ మా కౌంటర్ మీదికి వస్తాయి.

ఒకరోజు వైశాలి నగర్ నుంచి స్వాతి అనే అమ్మాయి కుల్లూ శాలువా తెచ్చింది. బూడిదరంగు ఉన్ని. రెండు కొసల్లోనూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో మెట్లుమెట్లుగా నేసిన వజ్రాలు. ఆ బొమ్మలు బట్ట మీద కుట్టినవి కావు. పడుగు, అంటే నిలువు దారాల మధ్య రంగు ఉన్నిని వేళ్ళతో తిప్పుతూ నేసినవి. ఆ రంగు దారం లాగేస్తే పడుగు బోసిగా మిగులుతుంది. ఈ శాలువా ఒక కొసన జానెడు మేర అలాగే ఉంది.

"ఎలకలు గానీ కొట్టేయా అమ్మా?" అన్నాను.

"కాదు దీదీ. మా అత్తయ్యే పీకేశారు. దిన్ భర్, పొద్దస్తమానం అదే పని."

అత్తగారి పేరు చంపా. హిమాచల్‌లో కుల్లూ దగ్గర, ఇంటింటా ఇలాంటి శాలువాలు నేసే పల్లెలో పుట్టారు. శ్రీకాకుళం నుంచి ఆ కొండల్లో రోడ్డు పనికి వెళ్ళిన డ్రైవర్ని పెళ్ళి చేసుకుని, ఆయనకి ఇక్కడి స్టీలు ప్లాంటులో ఉద్యోగం రాగానే ఇక్కడికి వచ్చారు. ఆయన పోయారు. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు జబ్బు. ఇన్నేళ్ళూ మాట్లాడిన తెలుగు మరిచిపోయారు. హిందీ కాస్త మిగిలింది.

అంచు బాగుచేసి ఇచ్చాను. కొద్దిరోజుల్లోనే మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువ ఊడిపోయి. మళ్ళీ చేశాను. మూడోసారి స్వాతి శాలువా కౌంటర్ మీద పడేసి, కుర్చీలో కూలబడింది.

"నిన్న మా ఆయన దీన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు దీదీ. మధ్యాహ్నం చూస్తే అత్తయ్య ఇంట్లో లేరు. మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య నడుస్తున్నారట. ఎవరో పట్టుకుని కూర్చోబెట్టారు."

ఆ రోజు ఇంకొకరి కోటు మోచెయ్యి తప్పుగా అల్లి విప్పేశాను. లారీలే కళ్ళ ముందు మెదిలాయి. మర్నాడు శాలువా పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

చంపా గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. శాలువా చూడగానే లాక్కున్నారు. ఒక దారం కొస వెతికి పట్టుకుని, నెమ్మదిగా వదులు చేసి, వచ్చిన దారాన్ని రెండు వేళ్ళకి చుట్టి చిన్న చిలపలా, దారపు కట్టలా ఒళ్ళో పెట్టుకున్నారు. ఎరుపు ఒకవైపు, పసుపు ఒకవైపు. గోళ్ళ పక్కన చర్మం లేచిపోయి ఉంది. పడుగు మాత్రం ఒక్క దారమూ తెగలేదు. ఆవిడ పీకడం లేదు, విప్పుతున్నారు.

"అమ్మా, యే క్యా కర్ రహీ హో?" అని, ఏం చేస్తున్నారో అడిగాను.

"గలత్ హై," అన్నారు తలెత్తకుండానే. "ఫిర్ సే కరూంగీ."

తప్పుగా ఉంది, మళ్ళీ చేస్తాను. నా రఫూనే అన్నారో, ఇంకేం గుర్తొచ్చి అన్నారో తెలీదు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు శ్రీను నెమ్మదిగా అన్నాడు. "అందరూ సేతులకి గ్లవ్స్ తొడిగి కట్టీమంటన్నారండి. అమ్మ సేతులు కట్టడమేటండీ? కట్టకపోతే మరేటి సెయ్యమంటారు?"

"ఒక్క వారం ఆగండి బాబూ. నన్నొకటి చూడనివ్వండి."

మళ్ళీ చేస్తానన్నారుగా అని, మా ఆయన చేత చెక్క పట్టీలతో చిన్న మగ్గంలాంటి చట్రం చేయించాను. శాలువా బోసి కొసని దానికి బిగించి, ఆవిడ చిలపలే పక్కన పెట్టాను. చంపా గారు దాన్ని మంచం మీంచి తోసేశారు. లేచి గేటు దాకా వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. మరుసటి రోజూ అంతే.

"ఇంకా చిరాకు పడుతున్నారు దీదీ. తీసేద్దాం," అంది స్వాతి. నాకూ అలాగే అనిపించింది. లేనిపోని ఆశ పెట్టానేమో అనుకున్నాను.

తీసేసే ముందు, చేతులు ఊరుకోక, ఎర్రదారం ఒకటి తీసుకుని పడుగులోకి దూర్చాను. చంపా గారు వచ్చి నా చెయ్యి మీద గట్టిగా కొట్టారు.

"ఉధర్ సే నహీ!" అటునుంచి కాదట.

నా దారం లాగేసి, రెండో వైపు నుంచి వేలితో పడుగు ఎత్తి, ఎరుపు దూర్చారు. తిప్పి కిందికి నొక్కారు. మళ్ళీ ఎత్తారు. కొడుకు పేరు గుర్తులేని మనిషికి ఏ దారం ఎత్తాలో వేళ్ళకి తెలుసు. స్వాతి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. శ్రీను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

వజ్రం సరిగ్గా రాలేదు, ఒకవైపు ఒరిగిపోయింది. సాయంత్రానికి దాన్నీ విప్పేశారు. పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టారు. అలా ఇప్పటికీ నడుస్తోంది. కొన్నాళ్ళు చట్రం వైపు చూడను కూడా చూడరు, గేటు దగ్గరే తిరుగుతారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళకి కంటి మీద కునుకుండదు. కానీ గ్లవ్స్ కట్టలేదు. గోళ్ళ పక్కన చర్మం మానింది.

చిరుగు కనిపిస్తే చెయ్యి ఊరుకోని మనిషిని నేను. అప్పుడప్పుడు వాళ్ళింటికి వెళ్ళి ఆ ఒరిగిన వజ్రం ముందు కూర్చుంటాను. సరిచెయ్యాలని వేళ్ళు లాగుతూనే ఉంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ఎప్పుడు దారం అందించమంటారా అని చూస్తుంటాను. దుకాణంలో మాత్రం ఒకటి మారింది. ఎవరైనా చిరిగిన శాలువా తెచ్చి కౌంటర్ మీద పరిస్తే, చిరుగు వైపు చూడకముందే అడుగుతాను, "ఇది కప్పుకునేది ఎవరమ్మా?"