నర్మద ఆపే మగ్గాలు

నర్మద లేచి నిలబడితే సిరిసిల్లలో మరమగ్గాలన్నీ ఆగిపోతాయి. అన్నీ కాదులెండి, ఆమె నడిపేవే. మూడు గంటలకోసారి వాటిని ఆపి, కూతురు లహరి బడికి పరుగెత్తుతుంది. పుట్టుకతోనే చిన్నదైన ఆ పిల్ల మూత్రసంచిని డాక్టర్లు పేగుముక్కతో పెద్దది చేశారు, మూత్రం తీయడానికి బొడ్డు దగ్గర రంధ్రం పెట్టారు. నర్మద పత్తి నూగు పోయేదాకా చేతులు సబ్బుతో తోముకుని, ఆ రంధ్రంలోంచి సన్నటి గొట్టంతో మూత్రం తీస్తుంది. ఆలస్యమైతే సంచి పగలొచ్చు.

అంత జాగ్రత్త మనిషి, ఓణీల ఫంక్షన్‌లో అలంకరించి కూర్చోబెట్టిన పిల్ల తల్లి చెవిలో "అవ్వా, గొట్టం" అని గొణిగితే, "జర ఆగు బిడ్డా, చుట్టాలు చూస్తున్నరు" అంది. పొద్దంతా ఆపింది. సాయంత్రానికి సంచి పగిలింది. మళ్లీ పొట్ట కోశారు.

మొన్న పక్కింటి వనజ, "పిల్లకు కుట్లు మానినయా?" అని అడిగింది.

నర్మద చేతిలోని గొట్టాన్ని కొంగుచాటుకు లాక్కుంది.

"ఏం కుట్లు వదినా? నా బిడ్డకు ఏ ఆపరేషనూ కాలే."