గేటు బయట నిలబడిన మేనత్త

సుగుణ టీచర్ కన్నుమూశారన్న వార్త మొన్న ఉదయం నేను పనిచేసే బడిలో ప్రార్థన ముగుస్తుండగా అందింది. ఫోన్ చేసింది మా అందరిలో పెద్దదైన రేణుక. "అత్త పోయింది" అన్నది. హవేలిఘనపూర్ నుంచి మెదక్‌కు ఆటోలో వస్తున్నంత సేపూ ఆ రెండు మాటలకు అర్థం నా బుద్ధికి అందలేదు. ముందటి ఆదివారమే నేను పట్టుకెళ్లిన పప్పు రుచి చూసి, ఉప్పు తక్కువైందన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ప్రశాంతమైన ఆ ముఖాన్ని కళ్లారా చూశాక కూడా మనసు సమాధానపడలేదు.

పట్టణంలో చాలామందికి ఆమె తెలుగు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయినిగానే పరిచయం. తెలియవలసింది మరొకటి ఉంది. అనాథ బాలికల వసతి గృహంలో పెరిగి, పద్దెనిమిదేళ్లు నిండగానే గేటు దాటవలసిన మాబోటి వారికి ఆమె తన మేడమీది గదులను ఇచ్చారు. అక్కడ ఉంచుకుని, ఒంటరిగా బతకడానికి కావలసిన విద్య నేర్పి పంపారు.

దీనికి మొదలు రేణుకే. పదవీ విరమణ చేసిన కొత్తలో టీచర్ ఒకనాడు నర్సాపూర్ వెళ్తూ, తన పాత విద్యార్థిని బస్టాండులో ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉండటం చూశారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికీ ఆ పిల్ల అక్కడే ఉంది. ఏ బస్సు కోసమని అడిగితే, "ఏడికి పోవాల్నో తెల్వదు టీచర్" అన్నదట. ఆ ఉదయమే వసతి గృహంలో శాలువా కప్పి, దీవించి పంపించారు. ఎక్కడికి వెళ్తావని ఎవరూ అడగలేదు. టీచర్ సంచి అందుకుని ఇంటికి నడిచారు. రేణుక వెంట నడిచింది.

కొన్నాళ్లకు రేణుక ఆమెను అమ్మా అని పిలిచింది. టీచర్ ఒప్పుకోలేదు. "అమ్మ జాగ అట్లనే ఉండనీ బిడ్డా. నన్ను మేనత్త అనుకో. మేనత్తతోని కొట్లాడొచ్చు, అలిగి పోవచ్చు, మళ్ల రావచ్చు" అన్నారు. ఆ తర్వాత చేరిన మా అందరికీ ఆమె అత్తే.

వంట, బజారులో బేరం, బ్యాంకులో నిలబడి అడగవలసింది అడగడం, అన్నీ ఆ మేడమీదే అలవడ్డాయి. అన్నం మాడితే కోప్పడేవారు కాదు. ఆ మాడిన అన్నమే మాతోపాటు కూర్చుని తినేవారు.

నాకు జ్వరం వచ్చినప్పుడు దవాఖానకు తోడు వచ్చి, డాక్టర్ గది బయట బల్లమీద కూర్చుండిపోయారు. లోపలికి రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదు. "నొప్పి నీది. ఎట్లున్నదో నువ్వే చెప్పాలె" అన్నారు. అంతవరకు నా ఒంటి బాధను వార్డెన్లే చెప్పేవారు. ఆనాడు నేనే నోరు విప్పాను. బయటికి వచ్చాక ఆమె ఏమీ అడగలేదు. బత్తాయి రసం తాగించి ఇంటికి తీసుకొచ్చారు.

అన్నిటికన్నా కఠినమైనది కిరాయి ఇల్లు. మీ వాళ్లెవరు, ఏ ఊరు అన్న ప్రశ్న దగ్గరే మా అడుగు ఆగిపోయేది. రేణుకకు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చాక, తల్లిదండ్రులు ఎల్దుర్తిలో ఉన్నారని చెప్పి ఒక గది మాట్లాడుకుంది. సంగతి తెలిసి టీచర్ ఆమెను మళ్లీ ఆ ఇంటికే తీసుకెళ్లి నిజం చెప్పించారు. ఇంటావిడ తలుపు వేసుకుంది. దారంతా రేణుక ఏడ్చింది, అబద్ధమే నయం కదా అని నిష్ఠూరమాడింది. టీచర్ అన్నారు: "అబద్ధమాడి చేరిన ఇంట్ల, ఎవరు తలుపు కొట్టినా భయమే బిడ్డా. గంత భయంతోని ఎన్నేండ్లుంటవు?"

ఇంకా కొన్ని ఇళ్లు కాదన్నాయి. చివరికి ఒక ముసలాయన ముందు రేణుక తలెత్తి చెప్పింది: "నాకు అమ్మానాయిన లేరు. హాస్టల్ల పెరిగిన. నర్సు పని చేస్తున్న."

ఆయన, "పానం బాగలేకుంటె ఎవరికి చెప్పాలె?" అని అడిగాడు.

"మా అత్తకు చెప్పుండ్రి" అని రేణుక టీచర్ వైపు చూపింది. ఆ ఇంట్లోనే రేణుక ఈనాటికీ ఉంటున్నది.

అలాగని టీచర్ వట్టి శాంతమూర్తి కారు. మమ్మల్ని చూసి ఎవరైనా పాపం అంటే సహించేవారు కాదు. మాట తుంచేసి, ఆ పిల్ల ఏం పని చేస్తున్నదో చెప్పేవారు. బతుకమ్మ పండుగకు మాత్రం మేమెక్కడున్నా కబురు వచ్చేది. పువ్వులు తేవడం ఆలస్యమైతే, సొంత పుట్టింట్లో తిట్టినట్టే తిట్టేవారు. ఆ తిట్ల కోసమే మేము వెళ్లేవాళ్లమని ఆమెకూ తెలుసు.

టీచర్ తమ్ముడు వచ్చి తలకొరివి పెట్టారు. ఇల్లు ఇక ఆయనది. అంత్యక్రియలు ముగిశాక, వచ్చే నెల వసతి గృహం విడవవలసిన శిరీష మెట్ల దగ్గర నిలబడి రేణుకను అడిగింది: "అక్కా, ఇగ నేను ఏడికి రావాలె?"

"మా ఇంటికి రా" అన్నది రేణుక. తడుముకోలేదు.

చోటు మేమివ్వగలం. కానీ ఒక ఆడపిల్లకు ఎంత దూరం తోడు వెళ్లాలో, ఏ అడుగు దగ్గర ఆగిపోవాలో టీచర్‌కు తెలిసినట్టు మాకు తెలియదు. మేమెక్కడ పొరబడతామో చెప్పేవారు లేరు. ఎవరినీ ఆశ్రయించకుండా బతకడం నేర్పిన ఆ పూజ్యురాలి పాదాలకు సాష్టాంగపడి చెబుతున్నాను: అత్తా, ఈ ఒక్కటీ నిన్ను అడిగి తెలుసుకోవాలని ఉన్నది.