ఉడుం చేతులు

సర్కస్ డేరాలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. ఉడుం అనేవారు. ఊయల కర్రకు మోకాళ్ళు మడిచి తలకిందులుగా వేలాడుతూ, గాల్లో పల్టీ కొట్టి వచ్చే చెల్లెలి మణికట్లు అందుకోవడం ఆమె పని. చెల్లెలు పిచ్చుకంత మనిషి, పిలుపూ అదే. పల్టీ చివర చేతులు చాస్తుందే తప్ప అక్క ఎక్కడుందో చూసుకోదు. అంత వ్యవధి ఉండదు. అక్క ఉంటుంది, అంతే.

చప్పట్లన్నీ పిచ్చుకకే. పట్టుకున్న చేతుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ చూడాల్సినవి ఆ చేతులే. చిన్నప్పట్నుంచీ డేరా తాళ్ళు లాగీ, తాడు పట్టుకు పైకి ఎగబాకీ, పట్టు జారకుండా సుద్దపొడి రుద్దీ రుద్దీ అరచేతులు కాయలు కాచాయి. వేళ్ళ చివర్లు గులకరాళ్ళలా అరిగి నున్నబడ్డాయి.

ఆ నునుపే సరిహద్దు దగ్గర నేరమైంది.

కంపెనీ అంతా పక్క దేశంలో ఆటలకు బయల్దేరింది. సరిహద్దు ఆఫీసులో వేలిముద్రలు తీసే యంత్రం అద్దం మీద ఆమె వేలు పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. ఇంకో వేలు పెట్టింది. మళ్ళీ ఎరుపే.

“గట్టిగా నొక్కమ్మా,” అన్నాడు ఆఫీసరు.

“నొక్కుతూనే ఉన్నా సార్. ఇంకా నొక్కితే మీ అద్దం పగుల్తుంది.”

“ముద్ర పడకపోతే నువ్వు నువ్వేనని ఏంటి నమ్మకం?”

“ఫొటో ఉంది కదండీ. మొహం మీ ఎదురుగానే ఉంది,” అంది పిచ్చుక. “మా అక్కండీ. నేను చెప్తున్నాగా!”

“నువ్వు చెప్తే చాలదు. యంత్రం చెప్పాలి.”

వెనక వరసలోంచి జోకరు బాబాయి గొంతు తగ్గించకుండానే అన్నాడు: “మన గుర్రాలే నయం. వాటి డెక్కలు అద్దం మీద పెట్టమని ఎవడూ అడగలేదు.”

ఆఫీసరు నవ్వలేదు. “కొన్నాళ్ళు చేతులకి పని చెప్పకు. కొత్త చర్మం వస్తుంది. అప్పుడు రా,” అన్నాడు, జలుబుకు మందు చెప్పినంత తేలిగ్గా.

ఏ పని చెయ్యడానికి రమ్మన్నారో ఆ పని మానుకుంటే తప్ప లోపలికి రానివ్వరట! గిన్నెలు తోమి, ఇటుకలు మోసి, సున్నం కలిపి వేళ్ళు అరగదీసుకున్న వాళ్ళందరికీ ఈ యంత్రం చెప్పేది ఒకటే: నువ్వు లేవు. పని ముట్టని వేలికి మాత్రం పచ్చదీపం. దీన్ని తయారుచేసినవాళ్ళ చేతులు ఎంత మెత్తగా ఉంటాయో ఒక్కసారి చూడాలని ఉంది నాకు.

మేనేజరు ఆగలేదు. “నువ్వు తర్వాత రా. దీన్ని పట్టుకోడానికి ఇంకొకణ్ణి పెడతాలే,” అని పిచ్చుకను లాక్కుపోయాడు.

“ఇంకొకళ్ళ చేతుల్లోకి నేను దూకను,” అంది పిచ్చుక. అవతలికి వెళ్ళాక కూడా అదే మాట మీద నిలబడింది. మేనేజరు కసికొద్దీ ఆమెను గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో పెట్టాడు.

ఇవతల, ఒక దర్జీ కొట్టు మీది గదిలో ఉడుం చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. నూనె రాసుకుంది. బకెట్టు ఎత్తలేదు, బట్ట పిండలేదు. గుమ్మం పైకమ్మీని చూస్తే వేలాడాలనిపించి మొహం తిప్పుకునేది. “చేతికి తడి తగలకుండా బతకడానికి పెట్టిపుట్టావమ్మా,” అని ఇంటావిడ దెప్పేది. కాయలు పొరలు పొరలుగా ఊడి, కింద లేత చర్మం వచ్చింది. దాన్ని చూసుకుంటే ఆమెకు కంపరమెత్తింది.

చివరికి పచ్చదీపం వెలిగింది. “చూశావా, కాస్త ఓపిక పడితే అయిపోయింది!” అని ఆఫీసరు సంతోషించాడు.

డేరాకు చేరేసరికి గేటు మీద అక్కాచెల్లెళ్ళ బొమ్మ కట్టి ఉంది. “సాయంత్రమే ఆట. పద, ఎక్కు,” అన్నాడు మేనేజరు.

ఉడుం ముందు ఇసుకమూట అడిగింది. అది పిచ్చుకంత బరువు. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ ఎక్కినప్పుడు దాన్ని పట్టుకుని చూసుకోవడం వాళ్ళ అలవాటు. ఆమె పైకెక్కి వేలాడగానే అటునుంచి మూట ఊగుతూ వచ్చింది. అందుకుంది. అరచేతిలో లేత చర్మం చిరిగింది. మూట జారి, వల అంచుకు కొట్టుకుని, నేలమీద పడి పిగిలింది.

కింద పిచ్చుక అప్పటికే చేతులకు సుద్దపొడి రాసుకుంటోంది. “ఏం కాదక్కా. నువ్వు పట్టుకుంటావు.”

“పట్టుకోలేనే. దూకకు.”

ఆ మాట ఆమె నోట అంతకుముందెన్నడూ రాలేదు.

“వల ఉందిగా!” అని అరిచాడు మేనేజరు.

“మూట ఎక్కడ పడిందో కళ్ళు తెరిచి చూడు. అంత ధైర్యముంటే నువ్వే ఎక్కి దూకు. పట్టుకోడానికి నేను రెడీ!”

ఇద్దర్నీ వెనక్కి పంపేస్తానన్నాడు మేనేజరు. జోకరు బాబాయి తన ఎర్రముక్కు పీకి అతని చేతిలో పెట్టాడు. “అయితే ఇది కూడా నువ్వే పెట్టుకో నాయనా. నీకు బాగా నప్పుతుంది.” వంటాయన పొయ్యి ఆర్పేశాడు. మేనేజరు దారికొచ్చాడు. ఆ సాయంత్రం ఊయలలు ఖాళీగా ఉన్నాయి.

ఉడుం మొదట్నుంచి మొదలుపెట్టింది. తాడు, సుద్దపొడి, కొత్త ఇసుకమూట. చేతులు పుండ్లు పడి, మాని, మళ్ళీ కాయలు కాచాక పిచ్చుక దూకింది. అక్క ఉంది.

అనుమతి గడువు ఏడాదే. పొడిగించాలంటే మళ్ళీ ఆ అద్దం దగ్గరికే వెళ్ళాలి. “ముందుగానే చేతులకి కాస్త విశ్రాంతి ఇవ్వమ్మా,” అని మేనేజరు ఇప్పట్నుంచే తియ్యగా చెప్తున్నాడు.

“ఇవ్వను. ఎర్రదీపమే వెలగనీ. ఈసారి వెనక్కి తిరగను, అక్కడే కూర్చుంటా.”

“నువ్వొక్కదానివే ఏంటి?” అంది పిచ్చుక.

“అందరం వస్తాం,” అన్నాడు జోకరు బాబాయి. “గుర్రాల్ని కూడా తెస్తా. ఎవరి ముద్రలు తీసుకుంటాడో తీసుకోమను.”